మానస పూజ ఎలా చేయాలి: ఊహను ఎక్కడ ఆపాలి, తోచినదాన్ని ఎంతవరకు నమ్మాలి

మా అమ్మమ్మ తుంటి ఎముక విరిగి ఆరు నెలలు మంచం మీదే ఉంది. దేవుడి గది ఆ మంచానికి పది అడుగుల దూరం. అయినా వెళ్ళలేదు. పొద్దున్నే ముఖం కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుని పడుకునేది. కాసేపటికి కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద గుండ్రంగా తిరగడం మొదలయ్యేది. చేయి వణుకుతోందేమో, డాక్టరుకు చెప్పాలనుకున్నాం. ఒకరోజు కాఫీ తెచ్చి పిలిస్తే కళ్ళు తెరవకుండానే "ఉండవే తల్లీ, గంధం తీస్తున్నాను" అంది.

ఇదే మానస పూజ. పళ్ళెం లేదు, పువ్వు లేదు, గంట లేదు. ఉన్నదంతా ఊహ. "కళ్ళు మూసుకుని ఊహించుకోవడం ధ్యానం ఎలా అవుతుందండీ?" అని అడిగేవాళ్ళు ఒకవైపు, "ధ్యానంలో అమ్మవారు నాతో చెప్పింది" అని మొదలుపెట్టేవాళ్ళు ఇంకోవైపు కనిపిస్తారు. ఇద్దరికీ జవాబు మన భాషలోనే ఉంది. "నేను ఊహించుకున్నాను" అంటాం, కానీ "నాకు తోచింది" అంటాం. "నేను తోచాను" అని ఎవరూ అనరు. ఊహకు కర్త మనం. స్ఫురణకు మనం కర్త కాదు, అది మన దగ్గరికి వస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఈ 'నేను', 'నాకు' అన్న రెండు మాటల మీదే నడుస్తుంది.

ముందు కూర్చోండి

ఇందులో పెద్ద విశేషమేమీ లేదు. రోజూ ఒకే చోటు, ఒకే వేళ, 25 నిమిషాలు. చాప మీద కూర్చోలేకపోతే కుర్చీ చాలు. వెన్ను నిటారుగా ఉంటే నిద్ర రాదు. పడుకుని చేయడం మా అమ్మమ్మలాగా తప్పనిసరి అయినవాళ్ళకే. మిగతావాళ్ళకి గురక వస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం సరిపోదు, పక్క గదిలో పెట్టండి.

ఒక్క రూపం ఎంచుకోండి, దాన్ని ముందు కళ్ళతో చూడండి

నచ్చినదాన్ని ధ్యానించుకోవచ్చని పతంజలి తన యోగసూత్రాల మొదటి భాగం సమాధిపాదంలో ఒక చిన్న సూత్రంలో తేల్చేశాడు: యథాభిమత ధ్యానాద్వా. కాబట్టి ఏ రూపం అన్నది మీ ఇష్టం. కానీ ఒక్కటే ఉండాలి. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు అని మారుస్తుంటే ఏ రూపమూ కుదురుకోదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో ప్రతిమలు ఎనిమిది రకాలని ఉంది. రాతివి, చెక్కవి, లోహంవి, మట్టి వగైరాతో మెత్తినవి, గీసినవి, ఇసుకవి, మణులవి, వాటితో పాటు 'మనోమయి', అంటే మనసుతో చేసినది. మనసులో ఉన్న విగ్రహాన్ని కూడా విగ్రహాల లెక్కలోనే వేశారు. కాకపోతే రాతి విగ్రహం చెక్కడానికి శిల్పికి ఎంత ఓపిక కావాలో దీనికీ అంతే కావాలి. అక్కడే మనం తప్పు చేస్తాం. కళ్ళు మూసుకోగానే రూపం టీవీలోలాగా వచ్చేయాలనుకుంటాం.

అలా రాదు. ఎందుకంటే ఊహకు ముడిసరుకు జ్ఞాపకం, మనం సరిగ్గా చూడనిది జ్ఞాపకంలో ఉండదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. తిరుమల శ్రీవారి పటం ఇంట్లో ఎన్నేళ్ళుగానో ఉండి ఉంటుంది. చక్రం ఏ చేతిలో ఉంది? కింది కుడిచేయి ఎటు చూపిస్తోంది? ఎడమచేయి ఎక్కడ ఆనించి ఉంది? చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. చక్రం పై కుడిచేతిలో, శంఖం పై ఎడమచేతిలో. కింది కుడిచేయి వరదహస్తం, పాదాల వైపు చూపిస్తుంది. ఎడమచేయి నడుము దగ్గర ఉంటుంది. అంత దూరం వెళ్ళి, గంటల తరబడి క్యూలో నిలబడితే అక్కడ దొరికేది నాలుగు క్షణాలు, ఆపైన "జరగండి జరగండి". ఇంట్లో పటం ముందు ఎవరూ జరగమనరు. రోజూ మొదటి రెండు నిమిషాలు కళ్ళు తెరిచే చూడండి.

తర్వాత కళ్ళు మూసుకుని పాదాల దగ్గర మొదలుపెట్టండి. ఇది నా సొంత సలహా కాదు. భాగవతం ద్వితీయ స్కంధంలో శుకుడు పరీక్షిత్తుకు చెప్పినా, తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పినా క్రమం ఇదే. పాదాల నుంచి ఒక్కొక్క అవయవమే పైకి వెళ్ళి, చివరికి చిరునవ్వు దగ్గరికి చేరాలి. మొదటి వారం పాదాలు దాటకపోయినా పరవాలేదు. నాకైతే మూడు వారాలు పట్టింది, అది కూడా ఒక పాదానికే అందె స్పష్టంగా ఉండేది.

ఐదు ఉపచారాలు: ఇక్కడ తొందరపడకండి

లలితా సహస్రనామం చదివేవాళ్ళకి ఇది రోజూ నోట్లో నానే మాటే. "లం పృథివ్యాత్మికాయై గంధం పరికల్పయామి, హం ఆకాశాత్మికాయై పుష్పం పరికల్పయామి..." కొన్ని పుస్తకాల్లో సమర్పయామి అని ఉంటుంది. ఐదారు వాక్యాలు, పది సెకన్లలో గబగబా చదివేసి అసలు స్తోత్రంలోకి వెళ్ళిపోతాం. నిజానికి అది చదవడానికి పెట్టింది కాదు, చేయడానికి పెట్టింది. 'పరికల్పయామి' అన్న మాటలోనే కల్పన ఉంది. శంకరాచార్యుల పేరు మీద ప్రచారంలో ఉన్న శివమానస పూజలో కూడా 'హృత్కల్పితం గృహ్యతాం' అని వస్తుంది. గుండెలో కల్పించినది పుచ్చుకో స్వామీ, అని.

గంధంతో మొదలుపెట్టండి. సీసాలోని గంధం పొడి వద్దు, సానరాయి కావాలి. మీ ఇంట్లో ఒకప్పుడు ఉన్న సానే గుర్తుతెచ్చుకోండి. మా ఇంటి సానకు ఒక అంచు పెచ్చు ఊడి ఉండేది, ఊహలో కూడా ఆ అంచు అలాగే ఉంచుకున్నాను. ఉద్ధరిణెతో నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. గంధపు చెక్క ఆనించి గుండ్రంగా తిప్పండి. మొదటి పది చుట్లలో నీళ్ళే కదులుతాయి, ఏమీ రాదు. చెక్క రాయి మీద జారుతుంటుంది. తర్వాత కొంచెం పట్టు తెలుస్తుంది, గరగరమనే చప్పుడు మారుతుంది. గంధం కంటికి కనిపించకముందే వాసన వస్తుంది. ఆ తర్వాత చెక్క వెనకాల సన్నటి చార. దాన్ని ఉంగరపు వేలితో తీస్తే చల్లగా తగులుతుంది. ఇప్పుడు పాదాలకు అద్దండి. ఇదంతా అయ్యేసరికి మూడు నిమిషాలు దాటాలి. ముప్పై సెకన్లలో అయిపోతే మీరు గంధం తీయలేదు, గంధం అన్న మాట అనుకున్నారంతే.

పువ్వు ఆకాశ తత్త్వం, ఆకాశానికి గుణం శబ్దం. మారేడు దళమో నందివర్ధనమో పాదాల మీద వదలండి. పడ్డప్పుడు చప్పుడు ఉండదు. ఆ చప్పుడు లేకపోవడాన్ని వినడానికి ప్రయత్నించండి. విచిత్రంగా ఉంటుంది కానీ మనసు అక్కడ ఠక్కున ఆగుతుంది. ధూపం వాయువు: పొగ వాసన కన్నా ఆ వెచ్చదనం చెంపకు తగలడం మీద ధ్యాస పెట్టండి. దీపం అగ్ని: వత్తి వెలిగించాక రూపం మీద వెలుగు ఎటువైపు నుంచి పడుతోందో చూడండి, నీడ ఎటు పడుతుందో దాన్నిబట్టి మారాలి. నైవేద్యానికి మీకు వండడం వచ్చినదే పెట్టండి. శివమానస పూజలో రత్నాలు పొదిగిన బంగారు పాత్రలో పాయసం, ఐదు రకాల భక్ష్యాలు ఉంటాయి. పరమాన్నం వండడం తెలియనివాడికి అవి కాగితం మీది మాటలే. బెల్లంముక్క రుచి తెలుసుగా, అది చాలు.

అన్నీ ఒకేరోజు చేయనక్కర్లేదు. మొదటి పది రోజులు గంధం ఒక్కటే చేయండి.

వేగం గురించి ఒక నాయనారు కథ

చెన్నైకి పడమట తిరునిన్రవూరు అనే ఊరుంది. అక్కడ పూసలార్ అనే శివభక్తుడికి గుడి కట్టాలని ఆశ, చేతిలో దమ్మిడీ లేదు. మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. నాయనార్లు అనే తమిళ శివభక్తుల కథలతో సేక్కిళార్ రాసిన పెరియపురాణం చెప్పేదాని ప్రకారం సామాను మనసులోనే సమకూర్చుకున్నాడు, పనివాళ్ళను పెట్టుకున్నాడు, మంచిరోజు చూసి పునాది వేశాడు. రాత్రిళ్ళు కూడా నిద్రపోకుండా కట్టాడు. గోపురం, ప్రాకారం, బావి, కోనేరు అన్నీ అయ్యాయి. అదే సమయంలో కంచిలో పల్లవరాజు నిజం రాళ్ళతో గుడి కట్టించి ప్రతిష్ఠకు రోజు పెట్టుకున్నాడు. శివుడు కలలో కనిపించి, ఆ రోజు నేను పూసలార్ గుడికి వెళ్ళాలి, నీది ఇంకోరోజుకు మార్చుకో అన్నాడట. రాజు ఆ గుడి వెతుక్కుంటూ వస్తే ఊళ్ళో అలాంటి గుడే లేదు.

ఈ కథలో అందరూ రాజుగారి కల గురించి చెప్తారు. నాకు నచ్చేది బావి. ఊహలో గుడి కట్టేవాడికి బావితో పనేముంది? నీళ్ళు కావాలంటే ఊహించుకుంటే సరిపోదూ? అయినా తవ్వాడు. నిజంగా కట్టేవాడికి ఏమేమి అవసరమో అవన్నీ చేశాడు, దేనికి పట్టే సమయం దానికి ఇచ్చాడు. పగటికలకీ భావనకీ తేడా ఇదే. పగటికలలో బావి తవ్వే పని ఉండదు, నేరుగా కుంభాభిషేకమే.

బొమ్మ కనిపించకపోతే

కొందరికి ఎంత ప్రయత్నించినా కళ్ళ ముందు చీకటే ఉంటుంది. "నాకు భక్తి లేదేమో" అని బాధపడతారు. భక్తికీ దీనికీ సంబంధం లేదు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, పొద్దున ఫలహారం చేసిన బల్లను మనసులో చూసి వర్ణించమని చాలామందిని అడిగాడు. కొందరు రంగులతో సహా చెప్పారు, కొందరు అసలేమీ కనిపించదన్నారు. మనసులో బొమ్మలు రాని ఈ స్థితికి 2015లో ఆడమ్ జెమాన్ అనే న్యూరాలజిస్టు బృందం అఫాంటేషియా అని పేరు పెట్టింది. అది జబ్బు కాదు, మనుషుల్లో ఉండే తేడా.

మీరు అలాంటివాళ్ళయితే బొమ్మ వదిలేయండి. స్వామి ఎదురుగా ఉన్నాడని తెలిస్తే చాలు. చీకట్లో పక్కన అమ్మ పడుకుని ఉందని చూడకుండానే తెలిసేది కదా, అలాగ. స్పర్శతో, చప్పుడుతో, మాటతో పూజ నడపండి. మా అమ్మమ్మకి రూపం ఎంత కనిపించేదో నేనెప్పుడూ అడగలేదు కానీ, ఆ వేళ్ళకు మాత్రం అన్నీ తెలుసు.

మనసు పారిపోతే

పారిపోతుంది. దీపం వెలిగిస్తుండగా కరెంటు బిల్లు గుర్తొస్తుంది. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది ఎటు వెళ్ళినా అటునుంచి వెనక్కి తెచ్చుకోమనే. ఎన్నిసార్లు అని లెక్క పెట్టలేదు. మానస పూజలో ఒక సౌకర్యం ఏమిటంటే, ఎక్కడ ఆగామో తెలుస్తుంది. అగ్గిపుల్ల చేతిలోనే ఉంది, వత్తి అలాగే ఉంది. అక్కడినుంచే కొనసాగించండి. మొదటికి వెళ్ళకండి. మొదటికి వెళ్ళడం మొదలుపెడితే గంధం దాటి ఎప్పటికీ ముందుకు రారు.

ఇప్పుడు వదిలేయండి

ఉపచారాలయ్యాక చివరి ఐదు నిమిషాలు ఏమీ ఊహించకండి. కట్టుకున్నదాన్ని కూల్చనక్కర్లేదు, కొత్తగా ఏదీ చేర్చకుండా ఊరుకోవాలి. కపిలుడు దేవహూతికి అంగాంగ ధ్యానం అంతా చెప్పి, చివర్లో మనసును 'బడిశం' అన్నాడు. బడిశం అంటే గాలం. అంతసేపూ రూపానికి తగిలించిన ఆ గాలాన్ని సాధకుడు మెల్లగా విడిపించుకుంటాడట. 'శనకైః', మెల్లగా అనడం గమనించండి. ఒక్కసారిగా లాగితే చిరుగుతుంది.

చాలామంది ఈ దశ ఎగ్గొట్టేస్తారు. పూజ అయింది కదా అని లేచిపోతారు. కానీ తోచడం అంటూ ఉంటే ఇక్కడే తోచాలి. పోతన గారి గురించి తరతరాలుగా చెప్పుకునే కథ కూడా ఇలాగే ఉంటుంది. గజేంద్రుడి మొర వినేవేళ వైకుంఠాన్ని వర్ణించబోయి పద్యం మధ్యలో ఆగిపోయింది. గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. రాముడే వచ్చి రాశాడంటారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఆయన లేచి వెళ్ళాడన్నది మాత్రం గుర్తుంచుకోండి. అంతకుముందు ఆ పద్యం మీద కూర్చుని కుస్తీ పట్టాడన్నది కూడా.

ఐదు నిమిషాలయ్యాక 'యథాస్థానం ప్రవేశయామి' అని ఉద్వాసన చెప్పి కళ్ళు తెరవండి.

తోచినదాన్ని రాసుకునే పద్ధతి

పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. పేజీ మధ్యలో గీత కొట్టి ఎడమవైపు పైన 'నేను' అని, కుడివైపు 'నాకు' అని రాయండి. ఎడమవైపు ఆ రోజు ఊహలో చేసింది ఒక్క వాక్యం: గంధం, పువ్వు, దీపం దాకా. కుడివైపు, పిలవకుండా వచ్చింది ఏదైనా ఉంటే రాయండి. లేకపోతే ఖాళీ. చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉందని ఏదో ఒకటి నింపేయకండి, అక్కడే మోసం మొదలవుతుంది.

కుడివైపు రాసినదాన్ని అదే రోజు నమ్మకండి. మూడు ప్రశ్నలు వేయండి. నిన్నటినుంచి ఇవాళ పొద్దుటిదాకా దీని గురించి ఎవరితోనైనా మాట్లాడానా, ఎక్కడైనా చూశానా? ఇది నా భయమో నా కోరికో వేషం మార్చుకుని వచ్చిందా? వారం తర్వాత కూడా ఇలాగే అనిపిస్తుందా?

మొదటి ప్రశ్న నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట ఒకరోజు చివరి ఐదు నిమిషాల్లో "ఆ స్థలం తీసుకో" అని మెరుపులా తోచింది. ఒళ్ళు జలదరించింది. సాయంత్రానికల్లా అడ్వాన్సు ఇచ్చేశాను. కాగితాలు సరైనవి కావని తేలాక, తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ముందురోజు రాత్రి ఏజెంటు అరగంట ఫోన్లో చెప్పిన మాటే అది. నా మనసు దానికి దేవుడి గొంతు పెట్టింది. ఒళ్ళు జలదరించడం దేనికీ రుజువు కాదు. సినిమాలో ఇంటర్వెల్ ముందు కూడా జలదరిస్తుంది.

మరి స్ఫురణంతా అబద్ధమేనా అంటే, కాదు. శ్రీనివాస రామానుజన్ తన లెక్కలు నామక్కల్ నామగిరి తాయారు దయ అనేవాడు. అనంత శ్రేణుల మీద ఆయనకు తోచినవి చూసి కేంబ్రిడ్జిలో హార్డీ అనే గణితవేత్త నివ్వెరపోయాడు. అదే మనిషికి ప్రధాన సంఖ్యల గురించి తోచినవాటిలో చాలా తప్పులున్నాయని ఆ హార్డీయే చూపించాడు. ఒకే మనసు, ఒకే తాయారు. వచ్చిన చోటుని బట్టి కాక, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా రుజువుకు నిలబెట్టారు. రామానుజనుకే ఆ పరీక్ష తప్పలేదు, మన స్థలం అడ్వాన్సుకు ఎందుకు తప్పాలి?

పతంజలి కూడా విభూతిపాదంలో 'ప్రాతిభాద్వా సర్వం' అంటాడు, ప్రతిభ వల్ల అన్నీ తెలియవచ్చునని. నాలుగు సూత్రాలు దాటగానే ఇలాంటివన్నీ సమాధికి ఉపసర్గలు, అంటే అడ్డంకులు అంటాడు. వెలుగులు కనిపించినా, గంటలు వినిపించినా, ఎవరో పిలిచినట్టున్నా రాసుకుని వదిలేయండి. మళ్ళీ రావాలని కాచుకు కూర్చోకండి. కాచుకు కూర్చుంటే అది మళ్ళీ 'నేను' గడిలోకే వెళ్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ధ్యానం అయిపోయాక కూడా గొంతులు వినిపిస్తుంటే, నిద్ర పట్టడం మానేస్తే, ఏదో చేయమని ఆజ్ఞలాగా వస్తుంటే సాధన వెంటనే ఆపి డాక్టర్‌ని కలవండి. గురువుగారి దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు. మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానంలో ఏదో తోచిందని మందులు ఆపకండి.

నెల తిరిగాక

నోటుపుస్తకం మొదటినుంచి చదవండి. ఎడమవైపు వాక్యాలు మెల్లగా మారుతుంటాయి. 'గంధం, మధ్యలో నిద్ర' అన్నది 'గంధం, పువ్వు' అవుతుంది, ఆ తర్వాత 'ధూపం దాకా'. కుడివైపు ప్రతిదానికీ ఎదురుగా టిక్కో ఇంటూనో పెట్టండి. ఏవి నిజమయ్యాయో, ఏవి భయాలో, ఏవి ఫోన్లో విన్నవో తెలిసిపోతుంది.

పోయిన నెల నా పుస్తకంలో 'నాకు' వైపు నాలుగే ఉన్నాయి. రెండు ఉత్త భయాలు. ఒకటి చిన్నప్పటి స్నేహితురాలికి ఫోన్ చేయాలని, ఇంకా చేయలేదు. నాలుగోది పొయ్యి మీది పప్పులో ఉప్పు వేయలేదని. అది నిజమే.